జాలి దగ్గర ఆగని దయ: ఛోటానాగపూర్ ఆదివాసుల భూమి కథ



మన పండుగల గురించి, మన వీరుల గురించి మనం ప్రతి ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ ప్రత్యేక సంచికలో మాత్రం మన కొండలు దాటి కొంచెం ఉత్తరంగా, నేటి జార్ఖండ్‌లోని ఛోటానాగపూర్ పీఠభూమికి మిమ్మల్ని తీసుకువెళ్ళాలనుకున్నాం. అక్కడివాళ్ళు మనకు పరాయివాళ్ళు కారు. అక్కడి ఉరావ్‌లు మాట్లాడే కురుఖ్ భాష మన గోండి, కోయ, కువి భాషల లాగే ద్రావిడ భాషా కుటుంబానికి చెందింది. వాళ్ళ పక్కనే ముండాలు, హోలు, ఖరియాలు ఉన్నారు. అడవిని నరికి సాగులోకి తెచ్చిన నేలను బయటివాళ్ళు వచ్చి లాక్కోవడం మన తాతలకు తెలిసిన బాధే. వాళ్ళ తాతలకూ అదే బాధ.

ఆ బాధలో తోడు నిలిచినవాళ్ళలో కొందరు క్రైస్తవ మత సేవకులు. పొరుగువాడి కష్టాన్ని తన కష్టంగా చూడాలనీ, చెడు ఎంత బలంగా కనిపించినా చివరికి అది గెలవదనీ వాళ్ళ విశ్వాసం. ఆ విశ్వాసం ఛోటానాగపూర్ నేల మీద ఏ పని చేసింది, ఎక్కడ తడబడింది, ఎవరి చేతుల మీదుగా ఫలించింది అన్నదే ఈ వ్యాసం. మన గూడేల్లో జాతరకు వెళ్ళేవాళ్ళున్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు. ఈ చరిత్ర ఇద్దరికీ పనికొస్తుంది.

నేల ఎలా పోయింది

ముండాలలో ఖుంట్‌కట్టి అనే పద్ధతి ఉంది. మొదట అడవి కొట్టి ఊరు కట్టిన వంశం వాళ్ళందరికీ ఆ ఊరి భూమి మీద ఉమ్మడి హక్కు ఉంటుంది. దానికి కాగితం లేదు. ఊరి పక్కన పెద్దల అస్థికల మీద నిలిపిన రాతి పలకలే సాక్ష్యం. ఏ వంశం రాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నాయో అందరికీ తెలుసు కాబట్టి ఇంకో పత్రం అక్కరలేకపోయింది.

ఛోటానాగపూర్ రాజులు తమ కొలువులో ఉన్న బయటివాళ్ళకు ఊళ్ళను జాగీర్లుగా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ సాక్ష్యం చెల్లకుండా పోయింది. జాగీర్దారులు, ఠీకాదారులు, వడ్డీ వ్యాపారులు వచ్చారు. ఆదివాసులు వాళ్ళను దికూలు అన్నారు. శిస్తు పెరిగింది. కట్టిన శిస్తుకు రసీదు ఇవ్వరు. రసీదు లేదు కాబట్టి కట్టలేదని మళ్ళీ దావా వేస్తారు. దానిపైన బెఠ్ బేగారి, అంటే వెట్టి. నాట్ల కాలంలో సొంత పొలం వదిలి దొర పొలంలో దుక్కి దున్నాలి. కోర్టుకు వెళ్తే అక్కడి భాష తెలియదు, అక్కడి కాగితం చదవలేరు.

1831-32లో ఈ మంట కోల్ తిరుగుబాటుగా లేచింది. దాన్ని అణచిన తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం పరిపాలన పద్ధతి మార్చింది కానీ భూమి పోవడం ఆగలేదు. తర్వాత దశాబ్దాల పాటు ముండా సర్దార్లు అర్జీలతో పోరాడారు. దాన్ని సర్దారీ లడాయి అంటారు. 1869లో ప్రభుత్వం పాత హక్కుల భూములను కొలిపించడానికి ఒక చట్టం చేసింది. అప్పటికే చాలా భూములు చేతులు మారిపోయాయి. ఖుంట్‌కట్టి ఉమ్మడి హక్కును ఆ కొలతలు సరిగా పట్టించుకోలేదు. పోరాటం ఆగలేదు.

నలుగురు కొత్తవాళ్ళు

1845 నవంబరులో నలుగురు జర్మన్ మిషనరీలు రాంచీ చేరారు. బెర్లిన్‌లోని గోస్నర్ అనే పాస్టరు పంపిన వాళ్ళు వీళ్ళు. భాష తెలియదు, నేల తెలియదు. దాదాపు ఐదేళ్ళు పని చేసినా ఆదివాసుల్లో పెద్దవాళ్ళెవరూ వాళ్ళ మతంలో చేరలేదు. 1850 జూన్‌లో నలుగురు ఉరావ్‌లు మొదటగా బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడి నుంచి సంఖ్య పెరిగింది.

ప్రార్థనతో పాటు వాళ్ళు బడి పెట్టారు. అక్షరం వచ్చిన చేతికి రసీదు చదవడం వచ్చింది. ఆదివారం నలుగురూ కలిసే చోటు దొరికింది. దేవుని ముందు జమీందారూ రైతూ ఒకటే అని విన్న మనిషి, మరుసటి రోజు వెట్టికి పిలిస్తే ఎందుకు రావాలని అడగడం మొదలుపెట్టాడు. క్రైస్తవులైన రైతులు మాట వినడం లేదని జమీందారులు మండిపడ్డారు. 1857 తిరుగుబాటు గందరగోళంలో మిషన్ ఇళ్ళు, క్రైస్తవుల ఇళ్ళు దోపిడీకి గురయ్యాయి. కుటుంబాలు అడవుల్లో తలదాచుకున్నాయి. గొడవ సద్దుమణిగాక తిరిగొచ్చి మళ్ళీ దున్నుకున్నాయి.

అయితే ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. చాలామంది ఆదివాసులు మిషనరీలు తమ భూమి తిరిగి ఇప్పిస్తారన్న ఆశతో దగ్గరయ్యారు. మిషన్ పెద్దలు ఒక హద్దు వరకే వచ్చారు. సర్కారుతో నేరుగా తగవు పెట్టుకోవడానికి వెనకాడారు. దాంతో సర్దార్లకూ మిషన్‌కూ దూరం పెరిగింది. మిషనరీల్లో పలువురు అఖ్రాలో ఆట పాటలను, సర్నా పూజలను తప్పుగా చూశారు. దయ ఉన్నచోటే ఎదుటి మనిషి సంస్కృతిని తక్కువ చూసే గుణం కూడా ఉండవచ్చు. ఆ రెండూ ఛోటానాగపూర్‌లో పక్కపక్కనే నడిచాయి.

తోర్పాలో లీవెన్స్

1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే యువ ఫాదర్ ఛోటానాగపూర్ వచ్చారు. 1856లో బెల్జియం దేశంలోని మూర్స్‌లేడ్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టిన జెసూట్ సన్యాసి ఆయన. తోర్పా అనే చోట నివాసం పెట్టుకున్నారు. అక్కడ పోలీసు ఠాణా ఉంది కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళ కేసులన్నీ ఆ దారినే పోతాయి. రోజూ ఎవరో ఒక ముండా రైతు, చేతిలో తనకు అర్థం కాని కాగితంతో, కళ్ళ ముందు కనిపించేవాడు.

ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టి, దెబ్బ తగిలినవాడికి కట్టు కట్టి పంపేస్తే అప్పటికి పుణ్యం వచ్చేది. వచ్చే నెల అదే మనిషి అదే గాయంతో మళ్ళీ వస్తాడని లీవెన్స్‌కు అర్థమైంది. ఆయన కౌలు చట్టాలు తెప్పించుకుని చదివారు. ముండాల భూమి ఆచారాలు వాళ్ళ నోటి నుంచే విని తెలుసుకున్నారు. న్యాయంగా ఇవ్వాల్సిన శిస్తు ఇవ్వడం, దానికి రసీదు పట్టుపట్టి అడగడం, అంతకు మించి వసూలు చేస్తే కోర్టులో నిలబడడం – ఇది ఆయన నేర్పిన దారి. అర్జీలు రాయించారు, వకీళ్ళను చూపించారు. ఓడిపోవడమే అలవాటైన రైతులు కొన్ని కేసులు గెలిచారు.

ఒక కేసు గెలిచిన ఊరి వార్త పది ఊళ్ళకు పాకింది. వేల మంది ఆయన దగ్గరకు వచ్చి క్రైస్తవులయ్యారు. తర్వాత ఆయన పడమటి వైపు బర్వే ప్రాంతానికి వెళ్ళి ఉరావ్‌ల మధ్య కూడా అదే పని చేశారు. గుర్రం మీద కొండలూ వాగులూ దాటి తిరిగారు. జమీందారులు ఫిర్యాదులు చేశారు, అధికారులు అనుమానంగా చూశారు. కేసు కోసం చేరి, కేసు అయ్యాక వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఇవన్నీ ఉన్నా, తమ మాట వినే మనిషి ఒకడు ఉన్నాడని ఆ ప్రజలకు తెలిసింది.

ఆయనకు క్షయ పట్టింది. 1892లో స్వదేశానికి ప్రయాణమయ్యారు. 1893 నవంబరు 7న బెల్జియంలోని లూవెన్‌లో కన్నుమూశారు. అప్పటికి వయసు 37. ఛోటానాగపూర్‌లో పని చేసింది ఏడేళ్ళే. ఆయన పోయేనాటికి వెట్టి పోలేదు, భూమి చట్టం మారలేదు. సరిగ్గా వందేళ్ళ తర్వాత, 1993లో, ఆయన అవశేషాలను రాంచీకి తెచ్చుకుని ఆదివాసులు తమ నేలలో ఉంచుకున్నారు.

బిర్సా అడిగిన ప్రశ్న

బిర్సా ముండా పేరు మీ అందరికీ తెలుసు. ఆయన కుటుంబం క్రైస్తవంలో చేరినదనీ, బాల్యంలో ఆయన చాయిబాసాలోని జర్మన్ మిషన్ బడిలో చదివారనీ చాలామందికి తెలియదు. మిషన్ పెద్దలు ముండాల భూమి విషయంలో గట్టిగా నిలబడలేదన్న కోపంతో ఆయన బయటికి వచ్చారు. తన జనానికి తనదైన ఒక ధర్మం బోధించారు. ఆదివాసి తన తలకాయ ఎత్తుకుని నిలబడాలన్నారు. 1895లో ఆయన్ను జైల్లో పెట్టారు. విడుదలయ్యాక మళ్ళీ ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టారు.

1899 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రాత్రి, ఉల్గులాన్ మొదలైంది. పోలీసు ఠాణాలతో పాటు చర్చిల మీద, మిషన్ ఆవరణల మీద కూడా బాణాలు పడ్డాయి. 1900 జనవరి 9న సైల్ రకబ్ కొండ మీద సైన్యం కాల్పులు జరిపింది. ఫిబ్రవరిలో బిర్సా దొరికిపోయారు. జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయారు. పాతికేళ్ళు కూడా సరిగా నిండలేదు.

దయ చూపామనుకున్న మిషనరీలకు ఆ బాణాలు ఒక ప్రశ్న. మీరు మా మీద జాలి పడ్డారు, మా తరఫున నిలబడ్డారా? ఆ ప్రశ్న ఒక మనిషికి సూటిగా తగిలింది.

బాణాల తర్వాత

ఫాదర్ జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్ 1857లో జర్మనీలో పుట్టారు. బిర్సా ఉద్యమం నడిచిన ప్రాంతం మధ్యలో, సర్వదా అనే చోట ఆయన మిషన్ ఉండేది. ఆ క్రిస్మస్ రాత్రి బాణాలు పడ్డ చోట్లలో అదీ ఒకటి. హాఫ్‌మన్ బిర్సా బోధనను ఒప్పుకోలేదు, గట్టిగానే వ్యతిరేకించారు. తన ఆవరణ మీద దాడి చేసినవాళ్ళకు శిక్ష పడితే చాలని ఊరుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు.

ఆయన అలా ఊరుకోలేదు. ఈ తిరుగుబాటుకు మూలం భూమి అని, ముండాల భూమి పద్ధతి ఏమిటో అర్థం చేసుకోకుండా ఎన్ని తుపాకులు పేల్చినా శాంతి రాదని ప్రభుత్వానికి చెప్పారు. శత్రువును కూడా ప్రేమించాలని బోధించే మతంలో ఆ మాటకు ఇంతకంటే స్పష్టమైన అర్థం మాకు కనిపించదు. తన మీద బాణం వేసినవాడి పొలం వాడికి తిరిగి రావాలని కలం పట్టడమే ఆ ప్రేమ.

1902 నుంచి రాంచీ జిల్లాలో కొత్తగా సర్వే, సెటిల్‌మెంట్ జరిగాయి. హాఫ్‌మన్‌కు ముండారీ బాగా వచ్చు. ఆ భాషకు వ్యాకరణం రాశారు. ఏ ఊరిని ఏ వంశం కట్టింది, ఎవరి సమాధి రాళ్ళు ఎక్కడున్నాయి, ఉమ్మడి హక్కు అంటే ఏమిటి – ఇదంతా ముండాల నోట విని, సెటిల్‌మెంట్ అధికారి లిస్టర్‌తో కలిసి ముండా దేశపు భూమి పద్ధతి మీద ఒక వివరమైన నివేదిక తయారుచేశారు. 1908లో ఛోటానాగపూర్ టెనెన్సీ చట్టం వచ్చింది. ముండా ఖుంట్‌కట్టి హక్కును ఆ చట్టం గుర్తించింది. వెట్టిని నిర్బంధంగా చేయించుకునే పద్ధతికి ముగింపు పలికే ఏర్పాటు చేసింది. రైతు భూమిని ఇష్టమొచ్చినట్టు అమ్మించుకోవడానికి అడ్డుకట్ట వేసింది. తర్వాతి సవరణలతో ఆదివాసి భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా ఆపే నిబంధన దానిలో స్థిరపడింది.

ఈ చట్టాన్ని ఒక ఫాదర్ ఇచ్చిన బహుమతి అనుకుంటే అది పొరపాటు. దాని వెనుక 1831 నాటి కోల్ వీరులున్నారు. దశాబ్దాల పాటు అర్జీలు మోసిన సర్దార్లున్నారు. సైల్ రకబ్ మీద పడిపోయిన స్త్రీ పురుషులున్నారు. వాళ్ళు లేకపోతే ఆ నివేదిక ఏ అధికారీ చదివేవాడు కాదు. ఆ ప్రాణాలు తెరిచిన తలుపులోకి ఒక కలం వెళ్ళింది. రెండూ కావలసి వచ్చాయి.

చట్టం వచ్చినా అప్పు ఉంటే భూమి వేరే దారిలో పోతుందని హాఫ్‌మన్‌కు తెలుసు. 1909లో ఆయన ఛోటానాగపూర్ కేథలిక్ సహకార పరపతి సంఘాన్ని మొదలుపెట్టారు. రైతుల చిన్న చిన్న మొత్తాలు ఒక చోట చేరి, వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా విత్తనాలకు, ఎద్దులకు అప్పు దొరికే ఏర్పాటు అది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక, జర్మన్ దేశస్థుడన్న కారణంతో 1915లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను దేశం నుంచి పంపించేసింది. ఆయన మళ్ళీ ఛోటానాగపూర్ చూడలేదు. జర్మనీలో కూర్చుని ముండారీ విజ్ఞాన సర్వస్వం రాస్తూ 1928లో మరణించారు. ముండాల మాట, పాట, పంట, ఆచారం అన్నీ ఉన్న ఆ పెద్ద గ్రంథానికి సమాచారం ఇచ్చి తోడ్పడినవాళ్ళలో మేనస్ ఓరెయా అనే ముండా రచయిత ఉన్నారు. ఒకప్పుడు అఖ్రాను తప్పుపట్టిన మిషన్ల నుంచే, ఆదివాసి జ్ఞానాన్ని పోగుచేసి భద్రపరచిన ఒక మనిషి వచ్చారు.

నలుగురు ఆదివాసి అమ్మాయిలు

ఈ కథంతా బయటి నుంచి వచ్చిన మగవాళ్ళదే అనుకోకండి. 1897 జూలై 26న రాంచీలో నలుగురు ఆదివాసి అమ్మాయిలు సెయింట్ ఆన్ పుత్రికల సంఘం అనే సన్యాసినుల సంఘానికి పునాది వేశారు. వాళ్ళలో ముందు నిలిచిన బెర్నడెట్ కిస్పొట్టా ఉరావ్ ఇంటి బిడ్డ. అప్పటికి ఆమెకు 19 ఏళ్ళు. పెళ్ళి వద్దని, జనానికి సేవ చేస్తామని చెబితే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. ఆదివాసి పిల్లలు ఇలాంటి పని చేయగలరా అని చర్చిలోనూ సందేహం ఉండేది. వాళ్ళు పట్టు వదల్లేదు. ఊళ్ళకు వెళ్ళి పిల్లలకు చదువు చెప్పారు, రోగులకు సేవ చేశారు. బెర్నడెట్ 1961 వరకు జీవించారు. ఆ సంఘం ఈనాటికీ పని చేస్తోంది. దయ తీసుకునే చేతులు దయ ఇచ్చే చేతులయ్యాయి. ఈ చరిత్రలో మాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే మలుపు ఇదే.

అక్షరం అందుకున్న తరం తర్వాత తన సంఘాలు తనే కట్టుకుంది. 1915లో క్రైస్తవ విద్యార్థులు ముందుండి ఛోటానాగపూర్ ఉన్నతి సమాజాన్ని కట్టారు. 1938లో ఆదివాసి మహాసభ వచ్చింది. రాంచీ సెయింట్ పాల్స్ మిషన్ బడిలో చదివి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా ఆ మహాసభను నడిపించారు. రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు వినిపించారు. 2000 నవంబరు 15న, బిర్సా జయంతి రోజున, జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. 2016లో ఛోటానాగపూర్ చట్టాన్ని సడలించే బిల్లు శాసనసభలో ఆమోదం పొందితే, సర్నావాళ్ళూ క్రైస్తవులూ వీధుల్లోకి వచ్చారు. 2017లో అప్పటి గవర్నరు, సంతాల్ ఆడబిడ్డ ద్రౌపది ముర్ము ఆ బిల్లును తిప్పి పంపారు. 1908 నాటి గట్టు ఇంకా నిలిచి ఉంది.

మన కొండల మాట

ఛోటానాగపూర్ చట్టం వచ్చిన తొమ్మిదేళ్ళకు, 1917లో, మద్రాసు ప్రభుత్వం మన ఏజెన్సీకి భూ బదలాయింపు చట్టం చేసింది. దానికి ముందు 1879 రంప తిరుగుబాటు ఉంది. తర్వాత 1922-24 మన్యం పోరాటం ఉంది. నిజాం వైపు 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చాకే సర్కారు కదిలింది. 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టిపరచిన 1970 నాటి 1/70, బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు – ఇవన్నీ ఆ వరుసలోవే. ఆనాడు దుమ్ముగూడెం మిషన్‌లో పనిచేసిన జాన్ కెయిన్ లాంటివాళ్ళు కోయల భాష గురించి, ఆచారాల గురించి రాసిపెట్టారు. అయితే చట్టం ఎంత గట్టిదైనా బినామీ పేరుతో, పెళ్ళి పేరుతో, తెల్లకాగితం మీద వేలిముద్రతో భూమి జారిపోవడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

అందుకే ఈ చరిత్ర నుంచి మీరు కొన్ని పనులు నేర్చుకోవాలని కోరుతున్నాం. మీ ఇంటి పట్టా, పహాణీ, అడంగల్ తీసి చదవండి. పేరు తప్పుంటే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. చదువు రాని పొరుగింటివాళ్ళ కాగితం కూడా చదివి పెట్టండి. వాళ్ళు ఏ దేవుణ్ణి మొక్కుతారని అడగకండి. గ్రామసభలో కూర్చోండి. మీ పెద్దల మాటలు, భూమి గుర్తులు, వంశాల పేర్లు రాసి ఉంచండి. రేపు అవే సాక్ష్యం కావచ్చు.

చెడును ఓడించగలమన్న నమ్మకం అంటే మన కళ్ళ ముందే గెలుస్తామన్న హామీ కాదు. లీవెన్స్ 37 ఏళ్ళకు వెళ్ళిపోయారు. బిర్సా జైల్లో పోయారు. హాఫ్‌మన్‌ను దేశం దాటించారు. వాళ్ళలో ఎవరూ చివరి ఫలితం చూడలేదు. ఒకరి దారి ఇంకొకరికి నచ్చలేదు కూడా. అయినా ప్రతి ఒక్కరూ తమ వంతు పని సగంలో వదలలేదు కాబట్టి తర్వాతివాళ్ళకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికింది. మీ తర్వాత వచ్చే పిల్లలకు కూడా మీ చేతుల నుంచి అలాంటిది ఒకటి అందాలని మా కోరిక. జోహార్!